ఆవాల్లో నడిచిన పడవలు

మూడేళ్లు కావస్తోంది, ఒక సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ముప్ఫై నలభై ఏళ్లు దాచుకుని ముసలితనంలో బయటపెట్టేవాళ్లుంటారు. వాళ్ల ముందు నేనింకా ఎల్‌కేజీ. నా వయసే ఇరవై నాలుగు. ఇంతకంటే ఎక్కువ దాచడానికి టైము దొరకలేదు.

బరువు అని రాయబోయి ఆగాను. బరువు మోసేవాడు వంగి నడుస్తాడు కదా. నేను నిటారుగానే నడుస్తున్నాను. అన్నం సయిస్తోంది. పడుకున్న పావుగంటకి గురక పెడతానని మా అమ్మే సాక్ష్యం చెబుతుంది. మరి ఏమిటిది? చెరుకు నమిలాక పంటి సందున పీచు ఉండిపోతుంది చూడండి, అలాంటిది. ప్రాణం తీయదు. నాలుక మాత్రం రోజంతా అక్కడికే పోతుంటుంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. తెలిసినవాళ్లకి చెబితే ఓదారుస్తారు, లేదంటే తిడతారు. రెండూ నాకు వద్దు. మీరు ఊరికే వినండి. మధ్యలో జోకులు వేస్తాను, అది నా జబ్బు. నేను చేసిన తప్పు కూడా ఒక జోకుతోనే మొదలైంది కాబట్టి, ఆ జబ్బుని దగ్గర్నుంచి చూసినట్టవుతుంది.

అనకాపల్లి బైపాసు మీద వరసగా కనిపించే కాలేజీల్లో మాదొకటి. ఏదైతేనేం, అన్నిటి గేటు మీదా ఎవరో ఒక టాపర్ ఫొటో నవ్వుతూ ఉంటుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా ప్రిన్సిపాల్ గారు విశాఖపట్నంలో ఏదో సదస్సుకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు ఏఐని వెంటబెట్టుకొచ్చారు. మర్నాడు ప్రార్థన కాగానే మైకు అందుకుని, ఈ రోజు నుంచి మనది ఏఐ కాలేజీ అని ప్రకటించారు. ముందు రోజు దాకా మా కాలేజీలో ఉన్న అత్యాధునిక యంత్రం నీళ్ల మోటారు. అదీ వాచ్‌మన్ తన్నితేనే తిరిగేది.

పాత కంప్యూటర్ గదికి కొత్త బోర్డు కట్టారు. మానిటర్లకి పసుపు రాసి బొట్లు పెట్టారు. కొబ్బరికాయ కొడితే నీళ్లు చింది ఒక కీబోర్డు మీద పడ్డాయి. ఏఐ వల్ల మా కాలేజీలో ఉద్యోగం పోగొట్టుకున్న మొదటిది ఆ కీబోర్డే. తర్వాత 'ఏఐ సెల్' అని ఒకటి పెట్టి, దానికి విద్యార్థి కోఆర్డినేటర్‌గా నన్ను వేశారు. నా అర్హత ఏమిటంటే, ప్రిన్సిపాల్ గారి ఫోను గుడ్ మార్నింగ్ ఫొటోలతో నిండిపోయి ఆగిపోతే, వాటిని తీసేసి నడిపించాను. ఆ రోజు నుంచి ఆయన దృష్టిలో నేను శాస్త్రవేత్తని. కుర్రాళ్లు నన్ను 'ఏఐ బావ' అని పిలవడం మొదలుపెట్టారు. అటెండరు ఎవరినైనా "ఏయ్!" అని కేకేస్తే నేనే వెనక్కి తిరిగేవాణ్ని.

రూలు చాలా సులువు. లెక్చరర్లు ఏఐ వాడొచ్చు, విద్యార్థులు వాడకూడదు. విద్యార్థి ఇచ్చే ప్రతి రిపోర్టునీ ల్యాబ్‌లో డిటెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌కి చూపించాలి. మనిషి రాస్తే పచ్చగా, మెషీను రాస్తే ఎర్రగా వెలుగుతుంది. ప్రారంభోత్సవం రోజునే ప్రిన్సిపాల్ గారి ప్రసంగాన్ని సరదాకి దాంట్లో పెట్టాం. ఎర్రగా వెలిగింది. పెద్దవాళ్ల ఇంగ్లీషు దానికింకా అలవాటు కాలేదని తేల్చుకుని తీసేశాం. మా లెక్చరర్ ఒకాయన మెషీను రాసిచ్చిన నోట్సుని చివరి వాక్యంతో సహా జిరాక్సు తీసి పంచారు. 'మీకు ఇంకేమైనా సహాయం కావాలా?' అన్నది ఆ చివరి వాక్యం. మావాళ్లు దాన్ని కూడా బట్టీపట్టి పరీక్షలో రాశారు. మార్కులు పడ్డాయి.

మరి నేను? కాపలాదారుని నేనే, కన్నం చూపించిందీ నేనే. డిటెక్టర్‌ని ఎలా బోల్తా కొట్టించాలో కుర్రాళ్లకి నేర్పాను. వాక్యానికో తప్పు పెట్టండి, స్పెల్లింగులు చెడగొట్టండి, మన సహజమైన ఇంగ్లీషు కనిపిస్తే చాలు అది మనిషని నమ్మేస్తుంది అని. నమ్మింది. ఇందులో నాకొచ్చింది ఏమీ లేదు, 'బావ తోపు' అన్న పేరు తప్ప. ఆ పేరు కోసం మనిషి ఎంత పనైనా చేస్తాడని నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. నేనే ఆ మనిషిని.

ఆ వేసవిలో అందరికీ ఊరి సర్వే ప్రాజెక్టు వేశారు. ఏదో ఒక ఊరికి వెళ్లి, ఇంటింటికీ తిరిగి, జనం ఎలా బతుకుతున్నారో రాసి ఇంగ్లీషులో రిపోర్టు ఇవ్వాలి. అది పాసైతేనే డిగ్రీ. మా క్లాసులో ఊరికి వెళ్లినవాళ్లు దాదాపు లేరు. ఫోనులో ఊరి పేరు కొడితే రిపోర్టు వచ్చేస్తుంటే ఎండలో తిరగడం దేనికి? చీడికాడ మీద ఒకడిచ్చిన రిపోర్టులో సముద్రపు కోత వల్ల ఇళ్లు కూలుతున్నాయని ఉంది. చీడికాడ నుంచి సముద్రం కనబడాలంటే ముందు బస్సెక్కాలి. వాడికి పచ్చ వెలిగింది. మంచి మార్కులు కూడా వచ్చాయి.

వెళ్లినవాళ్లలో రత్నం ఒకతి. అది ఆమె అసలు పేరు కాదు. ఊరు కొండకర్ల. అక్కడి ఆవలో వాళ్ల నాన్న రెండు తాటిమాను దోనెలు జంటగా కట్టి నడుపుతాడు, చేపలు పడతాడు. ఆవ అంటే మా వైపు పెద్ద మంచినీటి సరస్సు. మిగతా ఆంధ్రదేశానికి ఆవ అంటే ఆవాలు, ఆవపిండి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మిగతాదంతా నా ఘనత.

ఇందులో ప్రేమ లేదు. ముందే చెబుతున్నాను, కథ అటు వెళుతుందని ఎదురుచూడకండి. ప్రేమే ఉంటే నాకు కనీసం ఒక సాకు దొరికేది.

ఒక రోజు ల్యాబ్‌కి వచ్చి లావుపాటి లాంగ్ నోట్‌బుక్ ఒకటి నా ముందు పెట్టింది.

"ఏఐ బాబూ, నీతో పనుంది. ఇంగ్లీసులో ఇమ్మంతన్నారు. నాకొచ్చిన ఇంగ్లీసులో రాత్తే నాకే అర్తం అవట్లేదు. నువ్వు కూకుని మార్సి పెడతావేటి?"

తిరగేశాను. తెలుగులో, గుండ్రటి అక్షరాలు, పేజీకి రెండు వైపులా. దోనె బొమ్మ వేసి భాగాలకు పేర్లు రాసింది.

"ఇదంతా నువ్వే రాసేవా?"

"నాను గాక మా గేదె రాత్తాదేటి?"

"ఇంత కష్టం దేనికి రత్నం? ఒక్క బటను నొక్కితే సర్వే వచ్చేత్తాది కదా."

"ఆ బటనుకి మా ఊరు తెల్దు కదేటి." పుస్తకాన్ని నా వైపు జరిపింది. "నీ తెలివి కలపకు బాబూ. నాను రాసిందే మార్సు. కలిపితే నాకు తెలిసిపోద్ది."

"లైనూ లైనూ కూర్చుని చేస్తాను, సరేనా?" అన్నాను.

సరే అంది. నమ్మింది. నమ్మడానికి కారణం కూడా ఉంది. తెలుగులో రాసినవాళ్లకి ఏఐ సెల్ కోఆర్డినేటర్ స్వయంగా చదివి ఇంగ్లీషు చేసిపెట్టాలని, చివరి పేజీలో 'చదివి సరిచూశాను' అని సంతకం పెట్టాలని మా రూల్లోనే ఉంది. ఆ రూలు నాకు తెలుసు. దాన్ని టైపు చేసిందే నేను.

అదే వారంలో కాలేజీకి గ్రేడు ఇచ్చే బృందం రాబోతోందని కబురొచ్చింది. అతిథులు గేటులోకి రాగానే తెర మీద ప్రిన్సిపాల్ గారి బొమ్మ తనంతట తనే మాట్లాడి స్వాగతం చెప్పాలని ఆయన కోరిక. మెషీను బొమ్మనయితే చేసింది గానీ, మాట ఒకటి వస్తుంటే పెదాలు ఇంకోటి అంటున్నాయి. నాలుగు రోజులు ప్రిన్సిపాల్ గారి పెదాలతో కుస్తీ పట్టాను. ఐదో రోజు రిపోర్టులకి ఆఖరు. రత్నం పుస్తకం నా బ్యాగులోనే ఉంది, తెరిస్తే ఒట్టు.

పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీశాను. మెషీనుకి ఇచ్చాను. ఇంగ్లీషులో మంచి రిపోర్టుగా చెయ్యి అన్నాను. చేసింది. ఒక్క పేజీ కూడా చదవకుండా ప్రింటు తీసి, బైండు చేయించి, చదివి సరిచూశాను అని సంతకం పెట్టి డిపార్టుమెంటుకి పంపేశాను. మొత్తం పని పది నిమిషాలు. ఆ పది నిమిషాలని మూడేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. ఎక్కడైనా నేను ఆగినట్టు కనిపిస్తుందేమోనని. ఆగలేదు. ఈల వేస్తున్నాను కూడా.

వైవా రోజు గదిలో నలుగురం. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు, కృష్ణా అవతల ఊరు ఆయనది. మా హెచ్‌ఓడీ సార్, పుట్టిందీ పెరిగిందీ అనకాపల్లిలోనే. డిటెక్టర్ లాప్‌టాప్ ముందు నేను. ఎదురుగా రత్నం, ఇస్త్రీ చేసిన చున్నీతో. బైండు చేసిన తన రిపోర్టుని ఆమె కూడా ఆ రోజే చూడటం.

ఎగ్జామినర్ గారు రెండు పేజీలు తిప్పి ఆగారు. పైకి చదివారు. ఆ ఇంగ్లీషుని తిరిగి తెలుగులోకి తెస్తే ఇలా ఉంటుంది: 'మా కుటుంబాలు తరతరాలుగా ఆవాలలో నివసిస్తున్నాయి. తెల్లవారగానే పురుషులు ఆవాలలోకి పడవలు దింపుతారు. వేసవిలో ఆవాలు ఎండిపోయినప్పుడు చేపలు గుంటలలోకి చేరతాయి.' అక్కడితో ఆగినా బాగుండేది. మెషీనుకి ఉత్సాహం ఎక్కువ కదా, చివర్లో తన వంతుగా ఒక అధ్యాయం కలిపింది, ఎకరాకి ఆవాల దిగుబడి పెంచడం ఎలా అని.

"ఏమ్మా, మీ ఊళ్లో పడవలు దేంట్లో నడుస్తాయి?" అన్నారాయన.

"ఆవలో సార్."

"ఆవలో! ఎంత లోతుంటుందేమిటి ఆవ?"

"వానల్లో మనిసి మునిగిపోతాడు సార్. ఎండల్లో మోకాటి లోతు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఆవపిండిలో మునిగిపోయేవాళ్లని ఇప్పుడే చూస్తున్నానమ్మా."

రత్నానికి అర్థం కాలేదు. హెచ్‌ఓడీ సార్‌కి అర్థమైంది. ఆ ఆవకి మమ్మల్ని పిక్నిక్ తీసుకెళ్లింది ఆయనే, రత్నం వాళ్ల నాన్న దోనె మీదే ఫొటో దిగారు కూడా. 'సార్, మా వైపు ఆవ అంటే సరస్సు' అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఆ వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది: మరి ఇంగ్లీషులో ఆవాలెలా అయ్యాయి? అది వస్తే ల్యాబ్ బయటకొస్తుంది, ల్యాబ్ వెనక కాలేజీ వస్తుంది. ఆయన ఆ ప్రశ్నని లేచిన చోటే నాకు అప్పగించారు.

"ఏటోయ్, ఇది మన ల్యాబ్‌లోంచి వచ్చిందేనా? నువ్వు చూసేవా?"

ఇక్కడ నేను చాలాసార్లు ఆగి నన్ను అడుగుతుంటాను. అప్పుడు ఏమనుకున్నావు? పదవి పోతుందనా? కుర్రాళ్ల రిపోర్టులన్నీ మళ్లీ తీస్తారనా? డిగ్రీ కాగానే ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు, అది జారిపోతుందనా? ఇలాంటి కారణాలు ఎన్నయినా తర్వాత కూర్చుని తయారు చేసుకున్నాను. ఒక్కొక్కటీ బాగానే ఉంది, మనిషి కాస్త ఆలోచించి చెడ్డపని చేసినట్టు కనిపిస్తుంది. నిజం ఇంతకంటే చవక. ఆ క్షణంలో నాకొక జోకు తట్టింది. అంతే.

"మన ల్యాబ్‌ది కాదు సార్. ఇంట్లో ఆవకాయ కలుపుతూ ఫోన్లో కొట్టేసుంటుంది."

పేలింది. ఎగ్జామినర్ గారు బల్ల చరిచి నవ్వారు. హెచ్‌ఓడీ సార్ ఆయనకంటే కొంచెం తక్కువగా, మర్యాదగా నవ్వారు. నేనూ నవ్వాను, నా జోకుకి నేను నవ్వకపోతే ఎలా.

"సార్, నాను తెలుగులో రాసేను," అంది రత్నం. "పుస్తకం ఉంది. ఈ బాబుకే ఇచ్చేను, అడగండి."

అందరూ నా వైపు చూశారు. పుస్తకం నా బ్యాగులో ఉంది. బ్యాగు బల్ల కింద ఉంది. నా కాలికి తగులుతోంది.

"ఇవ్వలేదు సార్," అన్నాను. నా సంతకం ఉన్న చివరి పేజీ దాకా ఎవరూ తిప్పలేదు.

మొదటిది జోకు. రెండోది ఉత్త అబద్ధం, అందులో చమత్కారం కూడా లేదు.

"నా మొకం సూసి సెప్పు," అంది రత్నం.

నేను లాప్‌టాప్ చూశాను. డిటెక్టర్ బటను నొక్కాను. తెర ఎర్రగా వెలిగింది. మెషీను తన రాతని తాను గుర్తుపట్టింది. ఆ గదిలో ఆ రోజు నిజం చెప్పింది అదీ, రత్నమూ మాత్రమే.

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఇక్కడ రాసుకోవడానికి బాగుండేది. చున్నీ సర్దుకుని, బయటికి వెళ్లి, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

కాపీ కింద రాసి ఆమెని ఫెయిల్ చేశారు. నా సంతకం ఉన్న చివరి పేజీ తర్వాత ఫైల్లో కనబడలేదు. నేను తీయలేదు. ఎవరు తీశారో అడగలేదు. నేను వేసిన జోకు సాయంత్రానికల్లా కాలేజీ అంతా తిరిగి ఆమెకి పేరైపోయింది, ఆవకాయ అని. గ్రేడు బృందం ముందు ప్రిన్సిపాల్ గారు, మా విధానం ఎంత పకడ్బందీగా ఉందంటే మొన్ననే ఒక కేసు పట్టుకున్నాం అని చెప్పి, నన్ను పిలిచి చూపించారు. చప్పట్లు కొట్టారు. వెనక తెర మీద ఆయన బొమ్మ పెదాలు ఆడిస్తూనే ఉంది.

మిగతా సబ్జెక్టులన్నీ ఆమె పాసైంది. ప్రాజెక్టు మళ్లీ చేయమన్నారు. చేసిందాన్ని మళ్లీ ఎందుకు చేయాలని అడిగిందట. సమాధానం ఎవరూ చెప్పలేదు, ఆమె చేయలేదు, డిగ్రీ ఆగిపోయింది. ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో పనిచేస్తోంది. నేను అదే కాలేజీలో ఏఐ సెల్ అసిస్టెంట్‌ని. చిన్న ఉద్యోగమే. కానీ ఏసీ గది.

ఇలాగే నడిచిపోయేది. ఈ ఏడాది ప్రిన్సిపాల్ గారు ఇంకో సదస్సుకి వెళ్లొచ్చారు. ఈసారి తెచ్చుకున్నది భాష. మెషీన్లకి మన ప్రాంతపు మాటలు రావని, మనమే సేకరించి నేర్పాలని, ఊళ్లు తిరిగి మాటలు, పేర్లు రాసుకురమ్మని నన్ను పిలిచి చెప్పారు. ఏ మాట అన్నందుకు ఒకమ్మాయిని నవ్వి పంపించామో, ఆ మాటలే ఇప్పుడు ప్రాజెక్టు. హెచ్‌ఓడీ సార్ రెప్ప వేయకుండా అన్నారు: "కొండకర్ల అమ్మాయి ఒకతి ఉండేది కదోయ్. ఆమెనడిగితే బోలెడు మాటలు దొరుకుతాయి."

ఉదయం కంపెనీ బస్సు ఆగే జంక్షన్లో నిలబడ్డాను. రత్నం టిఫిన్ క్యారేజీతో వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఏటి ఏఐ బాబూ, దారి తప్పేవేటి?"

వచ్చిన పని చెప్పాను. నవ్వింది.

"ఇప్పుడు మా మాటలు కావాలేటి మీ మెసీనుకి? అప్పుడు ఆవపిండి తినీసి అరగనేదా?" అని, మళ్లీ తనే నవ్వు ఆపేసింది. "నా పుస్తకంలో ఉన్నాయి కదా అన్నీ. ఆవలో ఏ మూలని ఏటంతారో మా మామ్మ సెప్తే రాసేను. మామ్మ పోయి ఏడాదైంది. నాకు సగం గుర్తు నేవు. మా నాన్నకీ తెల్దు. అదేదీ, ఆ పుస్తకం?"

"పోయింది," అన్నాను.

"పోయిందా?" క్యారేజీ చెయ్యి మార్చుకుంది. "ఎక్కడికెల్లిపోద్ది, దానికి కాల్లున్నాయేటి? సూడు బాబూ. ఇంట్లో సూడు, మీ ల్యాబ్‌లో సూడు. దొరికితే తెచ్చి ఇచ్చీ. ఆ రోజు సంగతి నానేటీ అడగను."

బస్సు వచ్చింది. "సరే," అన్నాను. ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఇటు చూసి వేలు ఆడించింది, మర్చిపోకు అన్నట్టు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారికి ఒక కాగితం ఇచ్చాను. ఇంగ్లీషు చేసింది నేనని, చదవకుండా సంతకం పెట్టానని, పుస్తకం ఇవ్వలేదని అబద్ధమాడానని, ఆమెని పాస్ చేయాలని. నిలబడే చదివారు. "బాగా రాసేవోయ్. ఏ టూల్ వాడేవు?" అన్నారు. నేనే రాశానన్నాను. నమ్మలేదు. డిటెక్టర్లో పెట్టించారు. ఎర్రగా వెలిగింది. నేను తప్పుల్లేకుండా రాస్తాను, అదీ నా కర్మ. "మెషీను రాసిందానికి మనం విలువ ఇవ్వం, మన రూలే కదా," అని కాగితం వెనక్కి ఇచ్చేశారు. నా జీవితంలో ఒక్కసారి నిజం రాస్తే దానికి దొరికిన గౌరవం అది. అదే కాగితాన్ని యూనివర్సిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఇంకా జవాబు లేదు. ఉద్యోగం మానలేదు. మానితే నాకు నేను గొప్పవాడిలా కనిపించే ప్రమాదం ఉంది.

కానీ ఆ కాగితంలో కూడా ఒకచోట 'తర్వాత పుస్తకం పోయింది' అని రాశాను.

పోయింది అన్న మాట చాలా మంచిది. కరెంటు పోయింది, చెప్పు పోయింది, మామ్మ పోయింది. చేసినవాడు ఎవడూ ఉండడు. వస్తువు తనకి తనే లేచి వెళ్లిపోతుంది. అందుకే ఆ మాట వెనక దాక్కున్నాను. మీకు చెప్పాలని కూర్చున్నది ఈ ఒక్క ముక్కే. ఇక్కడికి రావడానికి ఇంత దూరం నవ్విస్తూ నడిచాను.

వైవా అయిన సాయంత్రం ఇంటికెళ్లి ఆ పుస్తకం మొదటిసారి చదివాను. నవ్వుకుందామనే తెరిచాను. ఆవలో నీళ్లకి చోటుకో పేరుందట. వీరన్న మునక, పెళ్లిదారి, గుడ్డిమడుగు, పిట్టల మిట్ట. ఎవరు ఎందుకు పెట్టారో ఒక్కొక్కదానికీ రాసింది. పెళ్లికూతురి దోనె ఏ తామరల పక్కనుంచి వెళ్లాలి, ఏ మూల వల వేస్తే వల చిరుగుతుంది, అన్నీ. ఒక పేజీ అడుగున ఇలా ఉంది: 'ఈ పేర్లు ఏ కాగితం మీదా లేవు. మా మామ్మ నోట్లో ఉన్నాయి. అందుకే తొందరగా రాస్తున్నాను.'

రెండుసార్లు చదివాను. ఆ పుస్తకం హెచ్‌ఓడీ సార్ బల్ల మీద పెడితే చాలు, ఆమె పాసవుతుంది. అది నాకు ఆ సాయంత్రమే తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా నాకు అవకాశం లేదు. మర్నాడు కాలేజీలో పాత ఆన్సర్ పేపర్లు ముక్కలు చేయడానికి లారీకి ఎత్తుతున్నారు. బృందం వచ్చేలోగా గోడౌను ఖాళీ చేయాలని. నేను బ్యాగులోంచి పుస్తకం తీసి, రెండు కట్టల మధ్య పెట్టి, మీద ఇంకో కట్ట వేశాను. అంచు కనిపిస్తోందా అని వంగి చూశాను. కొంచెం కనిపిస్తోంది. లోపలికి తోశాను. లారీ గేటు దాటాక కాంటీనుకి వెళ్లి టీ తాగాను. టీ బాగుంది.

నా పేరు రాయలేదు. ఆమె పేరు మార్చాను. ఊరు మాత్రం మార్చలేకపోయాను, ఆవ ఇంకో ఊళ్లో ఉందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఇది అచ్చయితే, ఆమె కళ్లబడితే, మొదటి పేజీలోనే నన్ను గుర్తుపడుతుంది. పట్టనీ. బహుశా అందుకే మార్చలేదేమో. ఎదురుగా నిలబడి చెప్పే మొహం నాకు లేదు. క్షమించు అనడానికి అసలే లేదు. అది అడగడమంటే ఆమె చేత ఇంకో పని చేయించుకోవడమే.

రత్నం, పుస్తకం పోలేదు. నేను పారేశాను. ఇంట్లో వెతకడం లేదు, ల్యాబ్‌లో వెతకడం లేదు. అది దొరకదు. మీ మామ్మ చెప్పినవాటిలో నీకు గుర్తున్న సగం ఈ రోజే ఇంకో పుస్తకంలో రాసుకో. నాలాంటివాడికి ఇవ్వకు.

రాసేశాను. ఇందువల్ల ఆమెకి ఒక్క పేరూ తిరిగి రాదు. నాకు మాత్రం తేలిగ్గా ఉంది. ఉండకూడదు. అయినా ఉంది.